సగానికి ఒక్కరు ఎక్కువ: విప్లవం గెలవాలంటే మెజారిటీ జనం కావాలా?

2025 సెప్టెంబర్ 8న ఖాట్మండులో కుర్రకారు పార్లమెంటు దారి పట్టారు. చాలామంది కాలేజీ యూనిఫాంలోనే ఉన్నారు. సోషల్ మీడియా మీద నిషేధం ఒక కోపం. నాయకుల పిల్లల విలాసాల ఫొటోలు చూసీ చూసీ పేరుకున్న కోపం ఇంకొకటి. ఆ రోజే కాల్పుల్లో 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశారు. ఏడాది ముందు, 2024 ఆగస్టు 5న, బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢాకా వదిలి ఢిల్లీ దగ్గర దిగారు. అంతకు ముందు 2022 జులైలో శ్రీలంక అధ్యక్షుడు గోటబయ రాజపక్స రాత్రికి రాత్రి మాల్దీవులకు వెళ్ళిపోయారు.

ఈ మూడు సార్లూ మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గొడవ. "జనమంతా కదిలారు, ఇక ఎవరాపగలరు" అని ఒకరు. "మూడు కోట్ల దేశంలో రోడ్డు మీదకొచ్చింది ఎంతమంది? మిగతావాళ్ళని అడిగారా?" అని ఇంకొకరు. ఇద్దరూ తమకు తెలియకుండానే ఒకే మాట నమ్ముతున్నారు: విప్లవం కూడా ఎన్నికలాంటిదే, సగానికి ఒక్కరు ఎక్కువైతే గెలుపు అని. చరిత్ర ఆ లెక్కలో నడిచినట్టు కనిపించదు. అలాగని జనంతో పనే లేకుండా నడిచిందనీ చెప్పలేం.

ముందు మూడు మాటలు తేల్చుకుందాం

విప్లవం అంటే ఈ వ్యాసంలో అర్థం ఇది: కింది నుంచి వచ్చిన ఒత్తిడికి, రాజ్యాంగం చెప్పిన మామూలు దారిలో కాకుండా, పాలకులు దిగిపోవడం, దాంతోపాటు పాలించే తీరు కూడా ఎంతో కొంత మారడం. నలుగురు సైనికాధికారులు తెల్లవారుజామున రేడియో స్టేషన్ పట్టుకుంటే అది కుట్ర. ఈ రెంటి మధ్య గీత అన్నిసార్లూ స్పష్టంగా ఉండదు, అది వేరే సంగతి.

మద్దతు అనే మాట ఇంకా చిక్కు. లాఠీకి ఎదురెళ్ళేవాడు ఒకడు. వాడికి రాత్రిపూట అన్నం పెట్టి, అటకమీద దాచి, పోలీసులొస్తే "మాకేం తెలీదయ్యా" అనే ఇల్లాలు ఇంకొకరు. టీవీ చూస్తూ "బాగా బుద్ధి చెప్పారు" అనుకునే పెద్దమనిషి మరొకరు. ఎవరొచ్చినా సరే, రేపు కొట్టు తెరవనిస్తే చాలనుకునేవాడు నాలుగో రకం. సర్వే చేసేవాళ్ళు వస్తే మొదటి ముగ్గురూ ఒకే గడిలో టిక్కు పెడతారు. విప్లవంలో మాత్రం ఆ ముగ్గురి బరువూ ఒకటి కాదు.

ఇక గెలవడం. పాతదాన్ని కూల్చడం ఒక గెలుపు, కొత్తదాన్ని నిలబెట్టడం ఇంకో గెలుపు, దేనికోసం బయల్దేరారో అది దక్కడం మూడోది. మెజారిటీ కావాలా అని అడిగితే ఈ మూడింటికీ వేరువేరు జవాబులొస్తాయి. వాదనలు తెగకపోవడానికి సగం కారణం ఇదే. ఒకాయన మొదటి గెలుపు గురించి మాట్లాడుతుంటే రెండో ఆయన మూడోదాని గురించి జవాబిస్తుంటాడు.

3.5 శాతం అనే అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఈమధ్య ఎక్కడ ఆందోళన జరిగినా ఈ అంకె తిరుగుతోంది. అమెరికా పరిశోధకురాలు ఎరికా చెనోవెత్, మరియా స్టీఫన్‌తో కలిసి 1900 నుంచి 2006 వరకూ జరిగిన 323 ఉద్యమాలను వరసపెట్టి చూశారు. ప్రభుత్వాన్ని దించడానికి, పరాయి పాలన తొలగించడానికి, విడిపోవడానికి జరిగిన పెద్ద పోరాటాలు అవి. ఆయుధం పట్టనివాటిలో 53 శాతం గెలిచాయి, పట్టినవాటిలో 26 శాతం. ఆ లెక్కల్లోంచి చెనోవెత్ ఇంకో సంగతి బయటికి తీశారు: పోరాటం మంచి ఊపు మీదున్నప్పుడు జనాభాలో 3.5 శాతం మంది నేరుగా పాల్గొన్న ఉద్యమం ఏదీ ఓడిపోలేదని.

వినడానికి చిన్న అంకె. లెక్క కట్టి చూడండి. నేపాల్ జనాభా సుమారు 3 కోట్లు, అందులో 3.5 శాతం అంటే 10 లక్షల 50 వేలు. మన దేశం 140 కోట్లనుకుంటే 4 కోట్ల 90 లక్షలు. అంటే 2011 జనాభా లెక్కల ప్రకారం, తెలంగాణని మినహాయించి ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పసిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా ఎంతమంది ఉన్నారో దాదాపు అంతమంది ఒకే ఊపులో రోడ్డెక్కాలి. మెజారిటీతో పోలిస్తే ఇది చిన్నదే, ఊరేగింపుతో పోలిస్తే కొండంత.

ఈ అంకెని చాలామంది తప్పుగా చదువుతారు. 3.5 శాతం మంది మద్దతు చాలని దీనర్థం కాదు. ప్రాణానికి తెగించి అంతమంది బయటికొచ్చారంటే ఇంట్లో ఉండి వాళ్ళకు ఊ కొడుతున్నవాళ్ళు దానికి ఎన్నో రెట్లు ఉంటారు. పైగా ఇది జరిగిపోయినవాటి వివరమే కానీ జరగబోయేదానికి హామీ కాదు. చెనోవెత్ స్వయంగా 2020లో రెండు మినహాయింపులు చూపించారు. ఒకటి 1962 నాటి బ్రూనై. రెండోది బహ్రెయిన్: 2011లో మొదలైన ఆ ఉద్యమంలో జనాభాలో 6 శాతానికి పైగా పాల్గొన్నారు. అయినా సౌదీ నాయకత్వంలో పొరుగు దేశాల బలగాలు వంతెన దాటి వచ్చాయి, రాజు కుర్చీ కదల్లేదు. ఇక 3.5 శాతం దాకా పోకుండానే గెలిచినవి చాలా ఉన్నాయి.

ఇలాంటిదే ఇంకో పాత అంకె. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో మూడోవంతు జనం అనుకూలం, మూడోవంతు వ్యతిరేకం, మిగతా మూడోవంతు గోడమీద పిల్లులు అని జాన్ ఆడమ్స్ అన్నట్టు చెబుతారు. 1815లో ఆయన రాసిన ఉత్తరంలో ఆ మూడోవంతుల మాట ఉంది కానీ, అది ఫ్రెంచి విప్లవం మీద అమెరికన్ల అభిప్రాయం గురించి. తమ సొంత యుద్ధంలో బ్రిటిష్ రాజు వైపు నిలబడినవాళ్ళు తెల్లజాతి జనాభాలో ఐదోవంతుకు మించరని చరిత్రకారుల అంచనా. తెల్లజాతి జనాభాలో అని ఎందుకనాల్సి వచ్చిందంటే బానిసలనీ మూలవాసులనీ ఎవరూ అడగలేదు కాబట్టి. ఎవరి మెజారిటీ అన్న ప్రశ్న ముందుముందు మళ్ళీ వస్తుంది.

నాలుగోవంతు ఓట్లతో రష్యా

మెజారిటీ గురించిన వాదనకి 1917 నాటి రష్యాని మించిన ఉదాహరణ దొరకదు. అదే ఏడాది రెండు విప్లవాలు జరిగాయి, రెండోదాని తర్వాత మూడు వారాల్లోపే దేశమంతా ఎన్నికలు మొదలయ్యాయి. ప్రయోగశాలలో చేసినట్టే ఉంటుంది.

మొదటిది ఫిబ్రవరిలో. పాత క్యాలెండర్ ప్రకారం 23వ తేదీ, మహిళా దినోత్సవం. రొట్టెల కోసం గంటల తరబడి వరసల్లో నిలబడి విసిగిన బట్టల మిల్లు స్త్రీలు పెట్రోగ్రాడ్‌లో పని ఆపి బయటికొచ్చారు. మూడో రోజుకి సమ్మెలో ఉన్నవాళ్ళు రెండు లక్షలు దాటారు. 26న సైనికులు జనం మీద కాల్చారు. 27 పొద్దున వోలిన్‌స్కీ రెజిమెంట్ సైనికులు ఇక కాల్చబోమని తమ అధికారినే చంపారు. సాయంత్రానికి నగరంలోని దండు వేలల్లో జనం వైపు వచ్చేసింది. మార్చి 2న జార్ సింహాసనం వదులుకున్నాడు. సామ్రాజ్య జనాభాలో పెట్రోగ్రాడ్ వాటా నూటికి ఒకరిద్దరే. మిగతా దేశానికి సంగతి టెలిగ్రాఫులో తెలిసింది. అయినా జార్ కోసం ఏ మూలా ఒక్క పెద్ద గుంపు లేవలేదు. కూల్చినవాళ్ళు కొద్దిమందే, వద్దన్నవాళ్ళు మాత్రం దాదాపు లేరు.

రెండోది అక్టోబర్‌లో, లెనిన్ పార్టీ అయిన బోల్షివిక్కులది. 25న వంతెనలు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీ, రైల్వే స్టేషన్లు ఒకటొకటిగా వాళ్ళ చేతిలోకి వచ్చాయి. ఆ రాత్రి నగరంలో ట్రాములు నడిచాయి, థియేటర్లలో నాటకాలు ఆడాయి. వింటర్ ప్యాలెస్‌లో, జార్ దిగాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వానికి కాపలాగా శిక్షణలో ఉన్న కుర్ర క్యాడెట్లు, కొద్దిమంది కొసాక్కులు, ఒక మహిళా దళం మిగిలారు. వాళ్ళలోనూ చాలామంది పొద్దుగూకేలోగా జారుకున్నారు.

ఆ తర్వాత నవంబర్‌లో రాజ్యాంగ సభకు ఎన్నికలు. సోషలిస్టు రివల్యూషనరీలకు, అంటే రైతుల పార్టీకి, 40 శాతానికి దగ్గరగా వచ్చాయి. అధికారంలో కూర్చున్న బోల్షివిక్కులకు సుమారు 24 శాతం. నలుగురిలో ముగ్గురు వాళ్ళకు ఓటెయ్యలేదు. అదే ఎన్నికని కాస్త దగ్గరగా చూస్తే ఇంకో బొమ్మ కనిపిస్తుంది. పెట్రోగ్రాడ్, మాస్కోల్లో బోల్షివిక్కులకు దాదాపు సగం ఓట్లొచ్చాయి. పశ్చిమ యుద్ధరంగంలో సైనికుల ఓట్లు మూడింట రెండొంతులు వాళ్ళవే. రెండేళ్ళ తర్వాత లెనిన్ ఈ అంకెలే ముందేసుకుని వ్యాసం రాశాడు. ఆయన వాదన సారం: దేశమంతా పలచగా ఉన్న మెజారిటీ కన్నా, కీలకమైన చోట, కీలకమైన వేళ ఉన్న బలం ఎక్కువ పనిచేస్తుందని. సమర్థించుకోవడానికి రాసిందే అయినా, ఓట్ల లెక్క మాత్రం దాచలేదు.

1918 జనవరి 5న రాజ్యాంగ సభ కూర్చుంది. దానికి మద్దతుగా ఊరేగిన జనం మీద ఆ పగలే కాల్పులు జరిగాయి. సభ తెల్లవార్లూ నడిచింది. వేకువన నాలుగు దాటాక జెలెజ్న్యకోవ్ అనే నావికుడు వేదిక మీదున్న అధ్యక్షుడు చెర్నోవ్ దగ్గరికొచ్చి, కాపలావాళ్ళు అలిసిపోయారు, ఇక చాలించండి అన్నాడు. చాలించారు. మర్నాడు తలుపులు తెరుచుకోలేదు. 40 శాతం ఓట్ల పార్టీ కోసం పల్లెలు కదల్లేదు. రైతుకి కావాల్సింది భూమి, అక్టోబర్ 26నే భూమి మీద డిక్రీ, అంటే కొత్త ప్రభుత్వపు ఆజ్ఞ, వచ్చేసింది. తమాషా ఏంటంటే ఆ డిక్రీలో మాటలు చాలావరకూ ఓట్లు పడ్డ పార్టీ కార్యక్రమం నుంచి తీసుకున్నవే.

దీన్ని ఎలా చదవాలో చరిత్రకారుల్లో ఇప్పటికీ తగువే. గట్టి నిర్మాణమున్న మైనారిటీ, సందు చూసి చేసిన కుట్ర అని ఒక వర్గం. కాదు, ఆ శరదృతువులో నగరాల కార్మికుల్లో, సైనికుల్లో, వాళ్ళు ఎన్నుకున్న సోవియట్లు అనే సభల్లో బోల్షివిక్కులకు నిజమైన మెజారిటీ ఉంది. పైగా రైతుల పార్టీ అప్పటికే రెండుగా చీలింది, అభ్యర్థుల జాబితా మాత్రం చీలకముందు వేసిందే, అందుకే ఆ ఓట్లను అక్టోబర్‌కు వ్యతిరేక ఓట్లుగా లెక్కపెట్టడం తప్పు అని ఇంకో వర్గం. నాకు రెండో వాదనలో పస కనిపిస్తుంది, అధికారం పట్టుకోవడం వరకు. నిలబెట్టుకోవడం దగ్గరికొచ్చేసరికి మొదటివాళ్ళ మాటే నిలుస్తుంది. మెజారిటీ లేని లోటుని మూడేళ్ళ అంతర్యుద్ధంతో, రహస్య పోలీసులతో, లక్షల ప్రాణాలతో పూడ్చాల్సి వచ్చింది.

ట్రిగ్గర్ మీద వేలున్నవాడి లెక్క

రష్యాలో రెండుసార్లూ తేల్చింది సైనికులే. బీజింగ్‌లో 1989 వసంతంలో తియనాన్మెన్ చౌక్‌కి తక్కువ జనం రాలేదు. మే 20న మార్షల్ లా పెట్టి సైన్యాన్ని పంపితే నగరవాసులు ట్రక్కులకు అడ్డంగా నిలబడ్డారు, సైనికులతో మాట్లాడారు, తిండి పెట్టారు. ఆ దళాలు వెనక్కి తగ్గాయి. జూన్ 3 రాత్రి మళ్ళీ వచ్చినప్పుడు కాల్చుకుంటూ వచ్చాయి. రెండు వారాల్లో నగరం మనసు మారలేదు, సైన్యానికి అందిన ఆజ్ఞా దాని అమలూ మారాయి.

ఢాకాలో ఇందుకు తిరగబడింది. స్వాతంత్ర్య సమరయోధుల వారసులకు ఉద్యోగాల్లో 30 శాతం కోటా మళ్ళీ రావడంతో మొదలైన గొడవ, జులై 16న రంగ్‌పూర్‌లో అబూ సయీద్ అనే విద్యార్థి చేతులు చాపి నిలబడి తూటాలకు కూలిపోవడంతో మలుపు తిరిగింది. సుప్రీంకోర్టు జులై 21న మొత్తం కోటా 7 శాతానికి తగ్గించింది, అప్పటికి కోటా సంగతి ఎవరికీ పట్టడం లేదు. మొత్తమ్మీద 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. ఆగస్టు 5న లక్షల జనం ఢాకాలోకి నడిచొస్తుంటే సైన్యం అడ్డుకోలేదు. హసీనా వెళ్ళిపోయారన్న కబురు సైన్యాధిపతి టీవీలో చెప్పారు.

సైనికుడో కానిస్టేబులో 51 శాతం లెక్క వెయ్యడు. వాడు వేసుకునే లెక్క వేరు: ఎదురుగా ఉన్నది మా వీధి పిల్లలేనా? ఈవేళ కాలిస్తే రేపు నన్ను కాపాడేవాడు కుర్చీలో ఉంటాడా? పక్కవాడు కాలుస్తున్నాడా? జనం సంఖ్య పనిచేసేది ఈ లెక్కలోనే. గుంపు పెద్దదైన కొద్దీ అందులో సైనికుడి తమ్ముడో మేనకోడలో ఉండే అవకాశం పెరుగుతుంది. ఇరాన్‌లో 1978 చివరి నెలల్లో ఆయిల్ కార్మికులు సమ్మె చేశారు, డిసెంబర్‌లో ఆషూరా (మొహర్రం పదో రోజు) నాడు లక్షల మంది వీధుల్లోకొచ్చారు, 1979 ఫిబ్రవరి 11న సైన్యం తాను ఎవరి పక్షమూ కాదని ప్రకటించింది. అంతటి సైన్యం తటస్థం అంటే ఇరాన్ రాజు షా ప్రభుత్వానికి అంత్యక్రియలే.

అందుకే ఎంతమంది విప్లవం వైపు ఉన్నారన్న ప్రశ్న కన్నా, పాత ప్రభుత్వం కోసం చావడానికీ చంపడానికీ ఎంతమంది మిగిలారన్నది అడిగితే ఎక్కువ తెలుస్తుంది. మొదటి అంకె 10 శాతమే కావచ్చు. రెండోది ఒక శాతానికి పడిపోతే ఆ పదే చాలు.

నోరు మెదపని మెజారిటీ

రుమేనియా రాజధాని బుకారెస్ట్, 1989 డిసెంబర్ 21. కమ్యూనిస్టు పార్టీ కార్యాలయం బాల్కనీ మీద దేశాధినేత నికోలాయ్ చౌషెస్కు. కింద ఫ్యాక్టరీల నుంచి తోలుకొచ్చిన జనం, చేతుల్లో ఇచ్చిన జెండాలు. నెల కిందటే పార్టీ మహాసభ ఆయన్ని ఏకగ్రీవంగా ఎన్నుకుంది. ప్రసంగం నడుస్తుండగా వెనక నుంచి ఏదో అరుపు, ఆ వెనకే ఈలలు. చౌషెస్కు మాట ఆపి, కుడిచెయ్యి పైకెత్తి, ఏం జరుగుతోందో అర్థంకాక "అలో, అలో" అంటూ నిలబడిపోయాడు. టీవీలో దేశమంతా ఆ ముఖం చూసింది. మర్నాడు మధ్యాహ్నం అదే భవనం పైనుంచి హెలికాప్టర్‌లో పారిపోయాడు. 25న కాల్చి చంపారు.

20వ తేదీన సర్వే చేసుంటే నూటికి ఎంతమంది వ్యతిరేకం అని చెప్పేవారు? బహుశా ఎవరూ చెప్పేవారు కాదు. లోపల ఒకటి, పైకి ఒకటి. ఇదెలా ఒక్కరోజులో తిరగబడుతుందో సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1978లో ఒక చిన్న లెక్కతో చూపించారు. దాన్ని మన రచ్చబండ దగ్గరికి తెచ్చుకుందాం.

ఊళ్ళో వందమంది ఉన్నారు, అందరికీ కోపమే. ఒకడికి తోడెవరూ అక్కర్లేదు, వాడే లేస్తాడు. రెండోవాడు ఒకరు లేస్తే లేస్తాడు. మూడోవాడు ఇద్దరు లేచాక. ఇలా వందోవాడు 99 మంది లేచాకే లేస్తాడు. మొదటివాడు లేవగానే రెండోవాడు, వాణ్ణి చూసి మూడోవాడు... చివరికి ఊరంతా రోడ్డు మీద. ఇప్పుడు ఒక్క మార్పు చెయ్యండి. ఒకరు లేస్తే లేచే ఆ రెండోవాడి పెళ్ళాం చొక్కా పట్టుకు లాగింది. ఇద్దరు లేస్తే గానీ కదలనన్నాడు. ఇక మొదటివాడు ఒంటరిగా నిలబడతాడు, అంతే. మిగతా 99 మందీ అరుగు మీదే. ఊరి కోపం సగటున చూస్తే పిసరంత కూడా తగ్గలేదు. ఒకచోట మహా విప్లవం, ఇంకోచోట ఒక పిచ్చివాడు.

కాబట్టి మెజారిటీ ఉందా అన్న ప్రశ్నకి ముందుగా జవాబు దొరకదు. తనవైపు మెజారిటీ ఉందని ఆ మెజారిటీకే తెలియదు. గెలిచాక మాత్రం అందరూ మొదట్నుంచీ విప్లవకారులమే అంటారు. అది ఏ ఊళ్ళోనైనా ఉన్నదే.

జనం కదలకపోతే

1956 డిసెంబర్‌లో ఫిడెల్ కాస్ట్రోతో క్యూబా తీరంలో దిగినవాళ్ళు 82 మంది. రెండేళ్ళు తిరిగేసరికి, 1959 కొత్త సంవత్సరం వేళ, నియంత బాటిస్టా విమానం ఎక్కాడు. ఈ కథ విన్న చాలామంది కుర్రాళ్ళు 82 ఒక మంత్రసంఖ్య అనుకున్నారు. నగరాల్లో రహస్యంగా పనిచేసిన వేలమందినీ, పోరాడే మనసు చచ్చిన బాటిస్టా సైన్యాన్నీ లెక్కలోకి తీసుకోలేదు.

కాస్ట్రో సహచరుడు చే గెవారా 1966 చివర్లో అదే ప్రయత్నం బొలీవియాలో చేశాడు. రైతులెవరూ చేరడం లేదని డైరీలో పదేపదే రాసుకున్నాడు. అక్కడ 1952లోనే విప్లవం జరిగి, మరుసటేడు భూసంస్కరణ వచ్చింది. చేతిలో కాస్త భూమి ఉన్న రైతుకి అడవిలోంచి వచ్చిన గడ్డాలవాళ్ళు పరాయివాళ్ళుగానే కనిపించారు. దళం క్వెచువా భాష నేర్చుకుంటే ఆ చుట్టుపక్కల మాట్లాడేది గ్వారానీ. 1967 అక్టోబర్ 9న చే ని చంపేశారు.

ఇలాంటిచోట మెజారిటీ లేకపోవడం కాదు సమస్య. అన్నం పెట్టేవాళ్ళు, దారి చెప్పేవాళ్ళు, చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు కూడా లేకపోవడం.

నల్లగొండలో ఉన్న మెజారిటీ ఏమైంది?

ఇందుకు పూర్తిగా ఎదురు కథ మన ఇంట్లోనే ఉంది. నిజాం రాజ్యంలో వెట్టి, గడీలు, దొరల అధికారం మీద ఆంధ్రమహాసభ, జనం నోట్లో 'సంఘం', ఊరూరా పాకింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకి బలయ్యాక అది గుత్పలు, వడిసెలల నుంచి తుపాకుల దాకా వెళ్ళింది. 3 వేల ఊళ్ళు, 10 లక్షల ఎకరాల పంపకం, 4 వేలమంది ప్రాణాలు అన్నవి కమ్యూనిస్టు పార్టీ చెప్పే అంకెలు. కొంచెం అటూ ఇటూ అనుకున్నా, నల్లగొండ, వరంగల్, ఖమ్మం పల్లెల్లో ఆ పోరాటానికి జనబలం లేదని ఎవరూ అనరు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. చాలాచోట్ల జనం ఆ సైన్యానికి స్వాగతం పలికారు. రజాకార్ల పీడ విరగడైందన్న ఊరట అది. సంఘంలో ఉన్న మోతుబరి రైతుల్లో చాలామందికి ఇక పోరాడాల్సిన పని కనిపించలేదు. ఆపుదామని రావి నారాయణరెడ్డి లాంటివాళ్ళు, సాగిద్దామని ఇంకొందరు. మూడేళ్ళు నలిగి 1951 అక్టోబర్‌లో విరమించారు. నిజాం మీద కలిసొచ్చిన మెజారిటీ వేరు, నెహ్రూ ప్రభుత్వం మీద కావాల్సిన మెజారిటీ వేరు. మొదటిది ఉంది కదా అని రెండోదీ ఉందనుకోవడం దగ్గర లెక్క తప్పింది.

తర్వాత 1952 ఎన్నికలు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి వచ్చిన ఓట్లు నెహ్రూకి వచ్చినవాటికన్నా ఎక్కువ. హైదరాబాద్ రాష్ట్రంలో ప్రభుత్వం మాత్రం కాంగ్రెస్‌ది, ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కలిపిన రాష్ట్రంలో నల్లగొండ మెజారిటీ ఒక మైనారిటీ. ఎక్కడి మెజారిటీ అన్నది గీత ఎక్కడ గీశామన్నదాన్ని బట్టి ఉంటుంది.

అయితే ఓడిపోయిన ఈ పోరాటం మూడో రకం గెలుపు కొంత తెచ్చింది. జాగీర్దారీ రద్దు 1949లో, కౌలుదారీ చట్టం 1950లో వచ్చాయి. దొర గడీలోకి వెట్టికి పిలిచే ధైర్యం మళ్ళీ మునుపట్లా రాలేదు. అధికారం రాకపోయినా భయం పోయింది.

కూల్చినవాళ్ళూ కూర్చున్నవాళ్ళూ

కూల్చేటప్పుడు కలిసే మెజారిటీకి ఉమ్మడిగా ఉండేది ఒక్కటే, వద్దు అన్నమాట. ఏది కావాలన్న దగ్గర విడిపోతారు. ఇరాన్‌లో షా వద్దన్నవాళ్ళలో మతపెద్దలు, బజారు వర్తకులు, వామపక్షాలు, ఉదారవాదులు అందరూ ఉన్నారు. 1979 మార్చి చివర్లో జరిగిన రెఫరెండంలో ఇస్లామిక్ రిపబ్లిక్‌కి 98 శాతం అవునన్నట్టు లెక్క తేలింది. అవును, కాదు తప్ప మూడో గడి లేని ఓటు అది. ఆ నవంబర్‌లోనే తొలి ప్రధాని బజార్గాన్ రాజీనామా చేశారు. తొలి అధ్యక్షుడు బనీసద్ర్ నాలుగింట మూడొంతుల ఓట్లతో గెలిచి ఏడాదిన్నరకే పదవి పోగొట్టుకుని దేశం వదిలారు.

ఈజిప్టులో 2011లో 18 రోజుల్లో అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాడు. 2012లో మొర్సీ 51.73 శాతంతో, అచ్చంగా మెజారిటీతో, అధ్యక్షుడయ్యాడు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ లక్షల జనం వీధుల్లోకి, 2013 జులై 3న సైన్యం కుర్చీలోకి. అప్పటి సైన్యాధిపతి సీసీయే ఇప్పటికీ అధ్యక్షుడు.

శ్రీలంక కథ ఇంకా వంకరగా సాగింది. 2019లో 52.25 శాతం ఓట్లతో గెలిచిన గోటబయని 2022 జులై 9న జనం ఇంట్లోకి దూరి మరీ తరిమారు. స్విమ్మింగ్ పూల్‌లో ఈతలు కొడుతున్న కుర్రాళ్ళ వీడియోలు మనమూ చూశాం. కానీ ఆ కుర్చీలో కూర్చున్నది జనం కోరుకున్నవాడు కాదు. పార్లమెంటులో ఉన్నది పాత మెజారిటీయే కాబట్టి, రాజపక్స పార్టీ ఓట్లతో జులై 20న రణిల్ విక్రమసింఘె ఎన్నికయ్యారు. రెండు రోజులకే తెల్లవారకముందు కొలంబోలో ఆందోళనకారులు మకాం వేసిన గాల్ ఫేస్‌లో గుడారాలు పీకించారు.

అక్కడి జనతా విముక్తి పెరమున పార్టీ 1971లో ఒకసారి, 1987–89లో ఇంకోసారి ఆయుధాలతో తిరగబడి వేలమందిని పోగొట్టుకుంది. దాని నాయకుడు అనుర కుమార దిస్సనాయకెకి 2019 అధ్యక్ష ఎన్నికల్లో వచ్చినవి 3.16 శాతం ఓట్లు. 2024 సెప్టెంబర్‌లో 42.31. అప్పటికీ సగం దాటలేదు. శ్రీలంక చరిత్రలో మొదటిసారి రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెట్టి ఆయన్ని అధ్యక్షుడిగా ప్రకటించారు. రెండు నెలల తర్వాత పార్లమెంటులోని 225 సీట్లలో 159 ఆయన కూటమివే.